గీజర్ నాబ్ ఎక్కడ పెట్టాలి? సిక్కోలు ఇంట్లో 15 లీటర్ల గీజర్ వాడకం, మొదట్నుంచీ

మా ఇంట్లో గీజర్ పెట్టి తొమ్మిదేళ్లయింది. అందులో మొదటి నాలుగేళ్లు దాని నాబ్ ఫుల్లు మీదే ఉంది, ఎందుకంటే బిగించడానికి వచ్చినాయన అలగే తిప్పేసి వెళ్లిపోయాడు, మేం కూడా ఫుల్లులో ఉంటే తొందరగా కాగుతాయి కదా అని దాని జోలికి పోలేదు. మా ఒక్క ఇల్లే కాదు, శ్రీకాకుళంలో బలగ నుంచి అరసవిల్లి దాకా చుట్టాల ఇళ్లల్లో ఏ బాత్రూంలో చూసినా నాబ్ చివరికంటా తిరిగే ఉంటుంది.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఆ నాబ్ స్పీడు పెంచేది కాదు, ఎక్కడ ఆగాలో చెప్పేది. లోపల నీళ్లు కాగబెట్టే కడ్డీ, అదే ఎలిమెంట్, ఒక్కటే, మామూలుగా 2 కిలోవాట్లు, నాబ్ 40లో ఉన్నా 75లో ఉన్నా అది ఒకేలాగ కాలుతుంది. 60లో పెడితే 60 దగ్గర టిక్‌మని ఆగిపోతుంది, 75లో పెడితే అదే టైముకి 60కి చేరి, అక్కణ్ణుంచి ఇంకో 15 డిగ్రీలు కాగబెట్టి అప్పుడు ఆగుతుంది, అంతే తేడా. గ్యాస్ పొయ్యి అలవాటు వల్ల వచ్చిన తికమక ఇది, అక్కడ నాబ్ తిప్పితే మంట పెరుగుతుంది, ఇక్కడ ఏ మంటా పెరగదు.

లోపల ఏటి జరుగుతుంది

నరసన్నపేట దగ్గర మా అమ్మమ్మగారింటి పెరట్లో రాగి బాయిలర్ ఉండేది. మధ్యలో గొట్టం, దాన్లో బొగ్గులూ కొబ్బరి డొక్కలూ వేసి రాజేస్తే చుట్టూ ఉన్న నీళ్లు కాగేవి. పైన గరాటులో ఒక చెంబు చన్నీళ్లు పోస్తే పక్కనున్న కొమ్ములోంచి ఒక చెంబు వేడినీళ్లు వచ్చేవి, పొయ్యకపోతే చుక్క రాదు. గీజర్ అంటే ఆ బాయిలర్‌నే గోడకి వేలాడదీశారనుకోండి. కింద నీలం రింగు ఉన్న పైపులోంచి చన్నీళ్లు ట్యాంకు అడుగున దిగుతాయి, వేడినీళ్లు తేలికగా ఉంటాయి కాబట్టి పైకి చేరతాయి, ఎర్ర రింగు పైపు లోపల ట్యాంకు పైదాకా వెళ్లి ఆ పై నీళ్లు తెస్తుంది. చన్నీళ్లు లోపలికి తోస్తేనే వేడినీళ్లు బయటికి వస్తాయి. ఈ ఒక్క ముక్క గుర్తుంటే కింద చెప్పబోయే రిపేర్లు సగం మీకే అర్థమైపోతాయి.

ట్యాంకులో నీళ్లు ఎంత వేడెక్కాయో చూసి కరెంటు ఆపేది థర్మోస్టాట్, నాబ్ తిప్పితే మారేది అదే. అది పాడై ఆపకపోతే ఇంకా పైన, బాగా వేడెక్కాక, కరెంటు తెంపేసేది థర్మల్ కటౌట్. ఆవిరో ప్రెషరో ఎక్కువైతే బయటికి వదిలేది చన్నీళ్ల పైపు మీదుండే సేఫ్టీ వాల్వ్. ఈ మూడూ ఒకదాని వెనకాల ఒకటి కాపలా కాస్తాయి. అందుకే కటౌట్ తరచూ పడుతుందంటే దాన్ని తిట్టుకోకండి, దాని ముందున్న థర్మోస్టాట్ చెడి ఉండొచ్చు.

మొదటిసారి ఆన్ చేసేముందు

ముందు వైరింగ్. 2 కిలోవాట్లు అంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది, అంచేత మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గులో పెట్టకూడదు, 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గే ఉండాలి, దానికి వేరే ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్), కనీసం 2.5 స్క్వేర్ ఎంఎం వైరు ఉండాలి. ఎర్తింగ్ ఉందా లేదా అన్నది అడిగి వదిలెయ్యకండి, ఎలక్ట్రీషియన్ చేత చెక్ చేయించండి. 30 మిల్లీఆంప్‌ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే తెంపేసే స్విచ్) ఇంట్లో లేకపోతే గీజర్ కంటే ముందు అది పెట్టించుకోండి, ఇందులో మాత్రం నేను బేరం ఆడను. అది లేనంతకాలం నియమం ఒకటే, నీళ్లు కాగాక స్విచ్ ఆపి అప్పుడే స్నానానికి దిగడం.

తర్వాత నీళ్లు నింపడం. స్విచ్ వెయ్యకుండా చన్నీళ్ల వాల్వ్ పూర్తిగా తెరిచి, బాత్రూంలో వేడినీళ్ల కుళాయి విప్పి పెట్టండి. ముందు గాలి బుస్సుమంటుంది, తర్వాత తుంపులు తుంపులుగా వస్తాయి, ఆఖరికి దార తెగకుండా వస్తుంది. అలా ఒక నిమిషం పోనిచ్చి కుళాయి కట్టాకే స్విచ్ వెయ్యాలి. ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ కాలితే కొద్ది నిమిషాల్లోనే మాడిపోతుంది. కొత్త గీజర్‌కే కాదు, మేడ మీద ట్యాంకు ఎండిపోయిన ప్రతిసారీ ఇదే పద్ధతి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను కొట్టినప్పుడు పలాస వైపు మా చుట్టాలింట్లో రోజుల తరబడి కరెంటు లేదు, ట్యాంకులో నీళ్లు లేవు, పాపం కరెంటొచ్చిన సంబరంలో ఇంట్లో స్విచ్‌లన్నీ వేసేశారు, గీజర్‌ది కూడా. ఎలిమెంట్ మాడిపోయింది.

నాబ్ ఎక్కడ పెట్టాలి

జనవరి తెల్లారగట్ల మా మేడ మీద నల్ల ట్యాంకులో నీళ్లు 22 డిగ్రీలున్నాయనుకోండి, స్నానానికి మనకి కావల్సినవి 40 డిగ్రీలు. 15 లీటర్ల గీజర్, 2 కిలోవాట్లు. 50లో పెడితే 15 నిమిషాల్లో ఆగుతుంది, అర యూనిట్ అవుతుంది, చన్నీళ్లు కలుపుకుంటే 23 లీటర్లు వస్తాయి, అంటే బకెట్టున్నర. 60లో పెడితే 20 నిమిషాలు, యూనిట్‌లో మూడింట రెండొంతులు, రెండు బకెట్లు. 75లో పెడితే 28 నిమిషాలు, 0.9 యూనిట్ పైమాటే, మూడు బకెట్లకి కొంచెం తక్కువ. (బకెట్ అంటే 15 లీటర్లది, ఆఖర్లో నీళ్లు చల్లారి వస్తాయి కాబట్టి చేతికి వచ్చేది ఇంకొంచెం తగ్గుతుంది.)

లెక్క జాగ్రత్తగా చూస్తే, బకెట్టుకి అయ్యే కరెంటు మూడింట్లోనూ దాదాపు ఒకటే. కాబట్టి 75లో పెట్టి మూడు బకెట్లూ వాడేస్తే పోయిందేమీ లేదు. కానీ ఇంట్లో ఒక్కరే స్నానం చేసి ఆఫీసుకి పోయి, మిగిలిన రెండు బకెట్ల వేడి సాయంత్రానికి గాల్లో కలిసిపోతే అదంతా దండగ. అంచేత నా పద్ధతి, ఒకళ్లకైతే 50, ఇద్దరు ముగ్గురు వరసగా చేస్తే 60, చుట్టాలొస్తే తప్ప 70 దాటించను.

50 కంటే కిందకి మాత్రం దించకండి. గోరువెచ్చటి నీళ్లు, 20 నుంచి 45 డిగ్రీల మధ్య, ట్యాంకులో నిలవుంటే లీజియోనెల్లా లాంటి, ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బాగా పెరుగుతుంది. రోజూ 50లోనే వాడేవాళ్లు వారానికోసారి 60కి తీసుకెళ్లి పూర్తిగా కాగనివ్వండి, ఊరెళ్లి పదిరోజులకి వచ్చినప్పుడు కూడా మొదటి కాపు 60కి తీసుకెళ్లి, అప్పుడు వాడండి.

చిన్నపిల్లలున్న ఇళ్లకి ఇంకో మాట. 60 డిగ్రీల నీళ్లు ఒంటి మీద ఐదారు సెకన్లు పడితే చాలు గట్టిగా కాలుతుంది, పిల్లలకి ఇంకా తొందరగా. 70 అయితే ఒక్క సెకను. బకెట్లో ముందు చన్నీళ్లు, తర్వాతే వేడినీళ్లు, ఈ వరస ఇంట్లో అందరికీ అలవాటు చెయ్యండి. తిరగేసి పోసే అలవాటు మా ఇంట్లో నాకే ఉండేది.

నాబ్ మీద అంకెలున్నా వాటిని పూర్తిగా నమ్మకండి, కొన్నిటి మీద అంకెలే ఉండవు, గీతలో, తక్కువ ఎక్కువ అనో ఉంటుంది. నేనేం చేశానంటే, వంటలో వాడే థర్మామీటర్ ఒకటి తెచ్చాను. నాబ్‌ని సగానికి పెట్టి, కాగుతున్న లైటు ఆరేదాకా ఆగి, పైపులో ఉన్న చల్లటి నీళ్లు ఒక మగ్గు పారబోసి, తర్వాత వచ్చిన దాంతో స్టీలు గ్లాసు నింపి వెంటనే థర్మామీటర్ ముంచాను. 54 చూపించింది. నాబ్ ఒక వెంట్రుకవాసి తిప్పి, మొత్తం నీళ్లు వదిలేసి, మళ్లీ మొదట్నుంచీ. మూడోసారికి 60 దొరికింది. అక్కడ మా ఆవిడ గోళ్ల రంగుతో నాబ్ మీదొక చుక్క, ఎదురుగా బాడీ మీదొక చుక్క పెట్టాను. ఇంట్లో ఎవరు ముట్టుకున్నా ఆ రెండు చుక్కలూ ఎదురెదురుగా పెట్టమంటే చాలు, డిగ్రీలూ గిగ్రీలూ అక్కర్లేదు. రెండు రీడింగులు ఒకటీ రెండూ డిగ్రీలు అటూఇటూ వస్తే కంగారు పడకండి, థర్మోస్టాట్ గీత గీసినట్టు ఆగదు, కొంచెం దాటి ఆగుతుంది, కొన్ని డిగ్రీలు చల్లారాకే మళ్లీ ఎత్తుకుంటుంది.

కొన్ని గీజర్లకి బయట నాబే ఉండదు. కింద ప్లాస్టిక్ మూత విప్పితే నల్ల డబ్బాలాంటి థర్మోస్టాట్ మీద స్క్రూడ్రైవర్ పట్టే గాడి, చుట్టూ అంకెలు కనిపిస్తాయి. తిప్పడం తేలికే గానీ మూత విప్పేముందు స్విచ్ ఆపితే సరిపోదు, ఎంసీబీ దించాలి, టెస్టర్‌తో చూసుకోవాలి. చెయ్యి వణికేవాళ్లు ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు 60లో పెట్టమని చెప్పి వదిలెయ్యండి, రోజూ మార్చాల్సిన పని కాదు.

లైట్లు, లో వోల్టేజీ

చాలావాటికి రెండు లైట్లు ఉంటాయి, ఒకటి కరెంటు ఉందని, ఒకటి కాగుతుందని. రంగులు కంపెనీకొక రకం, అంచేత మీ గీజర్‌లో కాగడం అయిపోయాక ఏది ఆరుతుందో ఒకసారి చూసి పెట్టుకోండి.

పల్లెల్లో అడిగే ప్రశ్న ఇంకోటి, అందరింట్లో 20 నిమిషాలకి కాగితే మా ఇంట్లో అరగంట దాటినా కాగవేటి అని. గీజర్‌లో ఏ తప్పూ లేకపోవచ్చు, తప్పు వోల్టేజీది. వోల్టేజీ 230 నుంచి 180కి పడితే ఎలిమెంట్ ఇచ్చే వేడి ఐదోవంతు కాదు, దాదాపు 40 శాతం పడిపోతుంది, 2 కిలోవాట్ల ఎలిమెంట్ 1.2 దగ్గర పనిచేస్తుంది. 20 నిమిషాల పని 33 నిమిషాలవుతుంది. ఇక్కడ నాబ్ ఎంత తిప్పినా లాభం లేదు, సాయంత్రం అందరూ మోటార్లు వేసే టైము తప్పించి వేసుకోవడమే.

నీళ్లు కారుతున్నాయి, కంగారు పడాలా

గీజర్ కాగుతున్నప్పుడు చన్నీళ్ల పైపు మీదున్న సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడితే అది లీకేజీ కాదు. నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి, 15 లీటర్లు 22 నుంచి 60కి వెళ్తే దాదాపు ఒక గ్లాసుడు ఎక్కువవుతాయి. వెనక్కి పోనివ్వని వాల్వ్ ఉంది కాబట్టి ఆ గ్లాసుడూ ఎక్కడికి పోవాలి, అక్కణ్ణుంచే చుక్కలుగా పడతాయి. ఇది తెలియక నేను చేసిన ఘనకార్యం, నేల తడుస్తుందని ఆ కన్నానికి ఎంసీల్ ముద్ద పెట్టి మూసేశాను. రెండ్రోజులు పొడిగా ఉంది, నేను కూడా బాగా మురిసిపోయాను. సర్వీసుకి వచ్చిన కుర్రాడు అది చూసి నా మొహం వైపు ఒకసారి చూశాడు, "బావూ, ఇది మూస్తే ట్యాంకే పేలుద్దండీ" అన్నాడు. అప్పుడు సన్న ట్యూబు తగిలించి నీళ్ల కన్నం వైపు వదిలాడు, ఇప్పటికీ అలాగే ఉంది. గీజర్ ఆపాక కూడా గంటల తరబడి కారితే మాత్రం వాల్వ్‌లో చెత్త పట్టిందో స్ప్రింగు పోయిందో, మార్చెయ్యాలి. పై అంతస్తుకి ప్రెషర్ పంపు పెట్టుకున్నవాళ్లు ఒకటి చూసుకోండి, గీజర్ మీద 8 బార్ (అది తట్టుకునే ప్రెషర్) అని రాసి ఉండాలి.

కరెంటుంది, వేడి లేదు

కాగే లైటు వెలగదు, నీళ్లు చల్లగా ఉన్నాయి అంటే కటౌట్ పడి ఉండొచ్చు. ఎంసీబీ దించి, మూత విప్పితే థర్మోస్టాట్ దగ్గర చిన్న ఎర్ర బొత్తాం ఉంటుంది, నొక్కితే టక్‌మని లోపలికి పోతుంది. ఒకసారి నొక్కొచ్చు. వారంలో మళ్లీ పడిందంటే థర్మోస్టాట్ ఆగడం మానేసిందో, ఎలిమెంట్‌కి సున్నం పట్టిందో, రెండోసారి మీరు నొక్కొద్దు, మనిషిని పిలవండి. స్విచ్ వెయ్యగానే ఆర్‌సీసీబీ పడిపోతుందంటే మాత్రం ఒక్కసారి కూడా బలవంతంగా ఎత్తకండి, ఎలిమెంట్ నుంచి నీళ్లలోకి కరెంటు లీకవుతుందేమో.

అన్నీ బాగున్నా, లైట్లు సరిగ్గానే వెలిగి ఆరుతున్నా, కుళాయిలో గోరువెచ్చగానే వస్తున్నాయంటే అది వేరే జబ్బు. థర్మోస్టాట్ మార్చేసి డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే, నేనూ పోగొట్టుకున్నాను. పరీక్ష ఇలగ చెయ్యండి. గీజర్‌కి వెళ్లే చన్నీళ్ల వాల్వ్ కట్టెయ్యండి, వేడినీళ్ల కుళాయి విప్పండి. కాసేపటికి నీళ్లు పూర్తిగా ఆగిపోవాలి, ఎందుకంటే తోసేవి లేవు కదా, అమ్మమ్మగారి బాయిలర్ గుర్తు తెచ్చుకోండి. ఆగకుండా వస్తున్నాయంటే చన్నీళ్లు ఎక్కడో దొంగదారిన వేడి పైపులోకి దూరుతున్నాయి. మా ఇంట్లో దొంగ ఎవరంటే షవర్ మిక్సర్. దాని రెండు నాబ్‌లూ విప్పి ఉంచి, చేతి షవర్ కొసనున్న బొత్తాం మాత్రం ఆపుతున్నాడు మా వాడు. రెండు నాబ్‌లూ కట్టడం నేర్చుకున్నాక గీజర్ బాగుపడిపోయింది.

బోరు నీళ్లవాళ్లకి

బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉండే చోట, సముద్రం ఒడ్డు ఊళ్లల్లో మరీను, ఎలిమెంట్‌కి తెల్లగా సున్నం పెచ్చు కడుతుంది. వేడి పెరిగేకొద్దీ ఎక్కువ పడుతుంది, రోజూ 60 దాటించకపోవడానికి అదొక కారణం. గీజర్‌లో గులకరాళ్లు కదిలినట్టు చప్పుడొచ్చినా, కాగడానికి రోజురోజుకీ టైము పెరుగుతున్నా సర్వీసింగ్ చేయించండి. అప్పుడే లోపలి మెగ్నీషియం రాడ్ బయటికి తీసి చూపించమనండి. అది ట్యాంకు బదులు తాను తుప్పుపట్టడానికే పెట్టిన రాడ్, బొటనవేలు లావుండేది పుల్లలా అయిపోతే మార్చెయ్యాలి. అది అయిపోయాక తుప్పు వంతు ట్యాంకుదే.

3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్

వంటింట్లో పెట్టే 3 కిలోవాట్ల చిన్న గీజర్లకి అసలు కంట్రోల్ కుళాయే. 22 నుంచి 40 డిగ్రీలకి తేవాలంటే నిమిషానికి రెండున్నర లీటర్లలోపే ఇవ్వగలదు. లీటరు మగ్గు పెట్టి చూడండి, 25 సెకన్లకి నిండేలా దార సన్నం చేసుకుంటే వెచ్చగా వస్తూనే ఉంటాయి, బాగా విప్పితే లోపలున్న మూడు లీటర్లు అయిపోగానే చల్లబడిపోతాయి. గ్యాస్ గీజర్ గురించి ఒక్క మాటే, బాత్రూం లోపల పెట్టకండి, బయట గాలి ఆడే చోట పెట్టండి, దాన్నుంచొచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

రథసప్తమి రాత్రి

మా ఇంటి గీజర్‌కి ఏడాదికొక్కసారి వార్షిక పరీక్ష, రథసప్తమి. అరసవిల్లి దర్శనానికి ముందురోజే చుట్టాలు దిగిపోతారు, పదకొండు మంది, అర్ధరాత్రి దాటాక జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని తలస్నానాలు చేసి క్యూలో నిలబడాలి. ఉన్నది ఈ 15 లీటర్లదే. "ఫుల్లులో పెట్టరా, అందరికీ సరిపోతాయి" అంటుంది మా అమ్మ ప్రతి ఏడూ. పెట్టినా సరిపోవు, ఎందుకంటే ఒక బకెట్ 22 నుంచి 40కి తేవడానికి 2 కిలోవాట్లకి తొమ్మిదిన్నర నిమిషాలు పడుతుంది, నాబ్ ఎక్కడున్నా. పదకొండు బకెట్లంటే గంటా ముప్పావు. ఫుల్లులో పెట్టడం వల్ల వచ్చే లాభం ఒక్కటే, మొదలెట్టేసరికి మూడు బకెట్లు రెడీగా ఉంటాయి.

కాబట్టి ఆ ఒక్క రాత్రికి నాబ్ చుక్క దాటించి 75కి తిప్పుతాను, పన్నెండున్నరకి స్విచ్ వేస్తాను, ఒంటిగంటకి మొదటి ముగ్గురు దిగుతారు, ముసలివాళ్లూ పిల్లలూ, వాళ్ల బకెట్లు నేనే కలుపుతాను. మాకు ఆర్‌సీసీబీ ఉంది కాబట్టి స్విచ్ ఆపకుండా అలగే ఉంచి, తర్వాత పది నిమిషాలకొకళ్లు చొప్పున పంపుతాను. రెండున్నరకల్లా పదకొండు మందీ అయిపోతారు. కుర్రాళ్లు షవర్ కింద నిలబడకుండా చూసుకోవాలి, ఒక్కరు పది నిమిషాలు నిలబడ్డారంటే వెనకున్న ముగ్గురికి చన్నీళ్లే. అందరూ బయల్దేరాక ఆఖర్న నేను స్నానం చేసి, నాబ్ మళ్లీ చుక్క దగ్గరికి తిప్పి, ఎంసీబీ దించి, తాళం వేసి వెళ్తాను.